భూగోళ పరీక్షకు జ్ఞాపకశక్తి మందు

మాఘమాసం వెళ్లి ఫాల్గుణం ప్రవేశించగానే మా వైద్యశాలకు వచ్చేవారిలో ఒక మార్పు కనిపిస్తుంది. కీళ్లనొప్పుల వృద్ధులతోపాటు పదవ తరగతి పిల్లలను వెంటబెట్టుకొని తల్లులు వస్తారు. ఒకరికి తలనొప్పి, ఒకరికి కడుపులో మంట, మరొకరికి నిద్రలేమి. అందరి కోరికా ఒక్కటే: జ్ఞాపకశక్తికి మందు.

పోయిన సంవత్సరం ఇట్లే న్యాల్‌కల్ మండలంలోని ఒక గ్రామం నుండి ఒక తల్లి తన కుమార్తెను తీసుకొని వచ్చింది. "అయ్యా, బిడ్డకు అన్నీ వస్తయి. సోషల్ల పటం కాడనే ఆగిపోతది. యాది ఉండే మందు ఇయ్యుండ్రి" అన్నది. సాంఘిక శాస్త్రంలో తప్పితే బాలిక చదువు మాన్పించాలని ఇంట్లో పెద్దలు అనుకొంటున్నారట. ఆ అమ్మాయి కండ్లు ఎర్రబారి ఉన్నవి. రాత్రి రెండు గంటల వరకు టీ త్రాగుతూ చదవడం, బడి నుండి రాగానే పడుకోవడం, సరిగా తినకపోవడం అడుగగా తెలిసినవి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏండ్ల క్రితం ఇటువంటి ఒక బాలునికి సరస్వతి ఆకు లేహ్యం ఇచ్చి పంపాను. ఎంతసేపు నిద్రిస్తున్నాడని అడుగలేదు. లేహ్యం ఉన్నదికదా అను ధైర్యంతో అతడు రాత్రులు మేల్కొని, పరీక్షనాడు తల తిరిగి, పటాన్ని ఖాళీగానే ఇచ్చి వచ్చాడు. అప్పటినుండి విద్యార్థులకు మందు వ్రాయడానికి ముందు నిద్రను, చదివే పద్ధతిని విచారిస్తున్నాను.

"మంజీర ఎక్కడినుండి వస్తుంది బిడ్డా?" అని అడిగాను. గోదావరి ఉపనదుల పేర్లన్నీ ఒక్క గుక్కలో చెప్పింది. "మీ ఊరికి అది ఏ దిక్కున ఉన్నది?" అంటే, "అది బుక్కుల లేదు తాతా" అన్నది. మంజీర పారేది ఆ మండలంలోని రాఘవాపూర్ శివారులోనే!

గంధపు చెక్కలు మోసే గాడిదకు బరువు తెలుస్తుంది గాని పరిమళం తెలియదని, అర్థం తెలియక శాస్త్రం వల్లించడం అటువంటిదని సుశ్రుతసంహిత చెబుతుంది. ఇందులో దోషం పిల్లలది కాదు, బరువు మాత్రమే మోయించే పెద్దలది.

మన ఊరినుండే భూగోళం

ఆయుర్వేద విద్యార్థికి భూగోళం పరాయి విషయం కాదు. దేశం జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు విధాలు. నీరు, చెట్లు తక్కువగా, గాలి అధికంగా ఉండే జాంగలంలో వాతం ప్రబలుతుంది. నీరు సమృద్ధిగా ఉండే ఆనూపంలో కఫం ప్రబలుతుంది. నేలనుబట్టి పంట, పంటనుబట్టి ఆహారం, ఆహారాన్నిబట్టి దేహం. గురుకులంలో మా గురువుగారు మూలికలకై గుట్టలవెంట త్రిప్పుతూ ఈ వరుసను నేర్పారు. నేను ఆ బాలికకు అదే చెప్పాను.

న్యాల్‌కల్ ప్రాంతంలో నల్లరేగడి నేల అధికం. దక్కను పీఠభూమిలో లావా చల్లారి ఏర్పడిన బసాల్టు శిల కాలక్రమాన నలిగి ఈ నేల అయినది. ఇది వాననీటిని పట్టి ఉంచుతుంది. కనుకనే నీటి వసతి లేకున్నా యాసంగిలో జొన్న, శనగ, కుసుమ పండుతవి. కొద్ది మైళ్ల దూరంలో జహీరాబాద్ వద్ద ఎర్రని లాటరైటు నేల, అక్కడ అల్లం పంటకు ప్రసిద్ధి. ఈ రెండు నేలలను చేతితో పట్టి చూచిన పిల్లకు నేలల పాఠం వేరుగా బట్టీ పట్టే పనిలేదు.

మంజీర మహారాష్ట్రలో బాలాఘాట్ కొండలలో పుట్టి, బీదర్ ప్రాంతం మీదుగా మన నేలకు వస్తుంది. సింగూరు జలాశయం దాటిన పిమ్మట ఉత్తరానికి తిరిగి, 1923-31 మధ్య నిర్మించిన నిజాంసాగర్‌ను నింపి, కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. ద్వీపకల్ప నదులలో అధికభాగం తూర్పునకు పారుతవని పుస్తకం చెబుతుంది. మన మంజీర మాత్రం ఉత్తరానికి మళ్లుతుంది, జహీరాబాద్ దగ్గరి నారింజ వాగు పడమరగా కర్ణాటకలోకి పోతుంది. నీరు నేల వాలునే అనుసరిస్తుందని గ్రహించినచో సూత్రమూ, దాని మినహాయింపూ రెండూ గుర్తుంటవి.

అక్షాంశ రేఖాంశాలూ అంతే. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపం నుండి పోతుంది. న్యాల్‌కల్ సుమారు 77½ డిగ్రీల వద్ద ఉన్నది. తేడా 5 డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మన ఊరి సూర్యుడు గడియారం కంటె 20 నిమిషాలు ఆలస్యం.

చదివినది నిలిచే విధానం

శాస్త్రజ్ఞానానికి చరకుడు మూడు ఉపాయాలు చెప్పాడు: అధ్యయనం, అధ్యాపనం, తద్విద్య సంభాష. అనగా చదవడం, ఇతరులకు చెప్పడం, తెలిసినవారితో చర్చించడం. చదివినది ఎంత త్వరగా మరుపునకు వచ్చునో జర్మనీకి చెందిన ఎబింగ్‌హాస్ 1885లో ప్రయోగపూర్వకంగా ప్రకటించాడు. మరల మరల చదివినవారికంటె పుస్తకం మూసి గుర్తుచేసుకొన్నవారికి వారం తరువాత ఎక్కువ నిలిచినదని 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అను పరిశోధకులు చూపారు. గురుకులంలో గురువు రోజూ అప్పగించుకొనడంలోని మర్మం ఇదే.

1. ఖాళీ పటాలు తెచ్చుకొని రోజుకు పది స్థలాలు మాత్రమే అభ్యసించవలెను.
2. అట్లాసు మూసి గుర్తించి, పిమ్మట తెరచి తప్పులు దిద్దుకొనవలెను. అవే స్థలాలను మూడవ రోజున, ఏడవ రోజున మరల గుర్తించవలెను.
3. మొదట కర్కటరేఖ, 82½ డిగ్రీల రేఖ గీసినచో మిగిలిన స్థలాలకు ఆధారం దొరుకుతుంది.
4. నదిని పుట్టిన చోటినుండి కలిసే చోటివరకు వ్రేలితో నడిపించి, ఇంట్లో తల్లికో, తమ్మునికో కథగా చెప్పవలెను.
5. అట్లాసును ముఖానికి మరీ దగ్గరగా పట్టుకొనే పిల్లలకు కంటి పరీక్ష చేయించవలెను. చూపు మందగించిన బిడ్డను మందబుద్ధి అని తిట్టే ఇండ్లు నేను ఎరుగుదును.

ఆహార విహారాలు

పరీక్షలు శిశిరం ముగిసి వసంతం ప్రవేశించే ఋతుసంధిలో వస్తవి. రాత్రి జాగరణం రూక్షతను పెంచి వాతాన్ని, పగటినిద్ర స్నిగ్ధతను పెంచి కఫాన్ని ప్రకోపింపజేస్తవి. వసంతంలో పగటినిద్ర నిషిద్ధం. రాత్రి మేల్కొని పగలు పడుకొనే విద్యార్థి రెండు దోషాలనూ ఒకేసారి పిలుచుకొంటున్నాడు.

1. రాత్రి పది గంటలలోగా పడుకొని వేకువనే లేవవలెను. ఈ వయస్సులో ఎనిమిది గంటల నిద్రకు తగ్గరాదు.
2. పడుకొనే ముందు అరికాళ్లకు నువ్వులనూనె మర్దించి, చిటికెడు శొంఠిపొడి వేసి కాచిన గోరువెచ్చని పాలు త్రాగవలెను. కడుపులో మంట ఉన్నవారు శొంఠి మానవలెను. వారు చెంచాడు ధనియాలు రాత్రి నానబెట్టి, ఉదయం వడగట్టి ఆ నీరు సేవించవలెను.
3. జొన్నరొట్టె, పెసరపప్పు, ఆకుకూర, కొద్దిగా నేయి చాలును. సాయంత్రం తరువాత టీ, కాఫీ వద్దు.
4. సరస్వతి ఆకు, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి మేధ్య రసాయనాలని చరకుడు చెప్పినమాట నిజమే. అవి వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా సేవించదగినవి, ఒక్క రాత్రిలో పాఠం అప్పగించేవి కావు. పరీక్షల ముందు ఏ కొత్త మందూ ప్రారంభించరాదు.

పరీక్షనాడు

ఖాళీ కడుపుతో పోరాదు. ఎండ ముదిరే కాలం కనుక నీరు, ఇంటికి రాగానే పలుచని మజ్జిగ అవసరం. ప్రశ్నపత్రం మొత్తం చదివి, తెలిసినవి ముందు వ్రాయవలెను. పటంలో పెన్సిలుతో గుర్తించి, పేరు స్పష్టంగా వ్రాసి, పటాన్ని జవాబు పత్రానికి జతచేయడం మరువరాదు. వ్రాసివచ్చిన పరీక్షను ఇంట్లో మరల విచారణ చేయకుడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పరీక్ష తప్పినవారికి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది. పోయిన బిడ్డ తిరిగి రాదు. పిల్లలు తిండి మాని, ఎవరితోనూ మాట్లాడక, బ్రతుకు వద్దు అను మాట పలికినచో దానిని బెదిరింపుగా తలచరాదు. ఒంటరిగా వదలక వెంటనే మానసిక వైద్యునికి చూపవలెను. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుకు ఫోను చేయవచ్చును.

ఆ బాలికకు నేను ఇచ్చినవి ధనియాల నీరు, పాదాలకు నూనె, ఖాళీ పటాలు, అంతే. బాలాఘాట్ నుండి కందకుర్తి వరకు మంజీరను రోజూ తల్లికి చెప్పాలని షరతు పెట్టాను. పరీక్ష అయిన మరునాడు తల్లీకూతుళ్లు మరల వచ్చారు. పటం పూర్తిగా వ్రాశానని బాలిక చెప్పింది. ఫలితాలలో ఉత్తీర్ణురాలై ఇంటర్మీడియట్‌లో చేరింది.

ఆనాడు తల్లి అన్నమాట నాకు సంతోషాన్ని కలిగించింది: "అయ్యా, నేను బడికి పోలే. కని మంజీర యాడ పుట్టి యాడ కలుస్తదో ఇప్పుడు నాకు సుత ఎరుకే."