తరిగిపోవుచున్న మంచుపిట్ట

ఉత్తరధ్రువసీమలో గూడుకట్టు గానపక్షులలో స్నో బంటింగ్ అనునది యొకటి. మనము మంచుపిట్ట యందము. బరువు 3 తులములకు అటునిటు. సున్నకు దిగువ 20, 30 డిగ్రీల చలి యుండగనే మగపక్షులు ఏప్రిల్ నెలలో అచ్చటికి చేరి రాతినెఱ్ఱెల నాక్రమించుకొనును. తొందర యెందులకనగా, మంచి నెఱ్ఱెలు కొన్నియే. రాతిసందున చలి మిక్కుటము గనుక ఆడుపక్షి ఈకలు, బొచ్చు పఱచి గ్రుడ్లపై కూర్చుండి, లేచుట అరుదు. మగది మేత తెచ్చి నోటికందించును. కాపురమనిన నట్లుండవలెనని మాకు తోచినది!

ఉత్తర అమెరికాలో 1900 నుండి క్రిస్మసునాళ్ళలో పక్షులను లెక్కించు వాడుక కలదు. 40 ఏండ్లలో ఈ పక్షులు నూటికి 64 వంతున తగ్గినవని 2007లో ఆడుబాన్ సంఘమువారు ప్రకటించిరి. నూఱు వ్రాలిన పొలమున 36 మిగిలినవన్నమాట.

ఇక ముందున్న గండము వేడిమి. ధ్రువసీమ తక్కిన భూమికంటె వేగముగా వేడెక్కుచున్నది. కెనడాలోని అలర్ట్ అను తావున పరీక్షలు జరిపిన శాస్త్రజ్ఞులు 2021లో తెలిపినదేమనగా, ఒడలి వేడిని ఆవిరిగా వెలిపుచ్చు శక్తి ఈ పక్షికి మిక్కిలి స్వల్పము. మనము దుప్పటి వెదకుకొను ఉదయము దానికి నడివేసవి. ఎండ హెచ్చినచో పిల్లలకు మేత తెచ్చుట తగ్గించుకొనవలసివచ్చును. ఆ పిల్లలు గూటనుండునది సుమారు రెండు వారములే.