మన బరువు మనకు తెలియునా?

విశాఖపట్నము రేవులో సరకు లారీని కాటాపై నిలిపి తూచిన పిదపనే లెక్క వ్రాసికొందురు. కంటితో చూచి ఎవరును దాని బరువును నిర్ణయింపరు. కాని ఆ లారీని నడుపు మనుష్యుని బరువెంతయని అడిగినచో, “నాకేమి, బాగానే ఉన్నాను” అను సమాధానమే తరచుగా లభించును. సరకు విషయమున మనము చూపు జాగ్రత్త శరీరము విషయమున చూపుట లేదు. ఈ నిర్లక్ష్యము వలన ఆరోగ్యమునకు కలుగు నష్టము స్వల్పము కాదు.

కంటి అంచనా ఏల తప్పును?

మనుష్యుడు తన శరీరమును తూనికతో గాక పోలికతో అంచనా వేసికొనును. చుట్టుపట్ల వారందరును లావెక్కినపుడు లావే సహజముగా కనిపించును. మన మాటలును ఇందుకు తోడ్పడుచున్నవి. బొజ్జను కలిమికి గుర్తుగా ఎంచుదురు. కొంచెము సన్నబడిన వానిని చూచి “చిక్కిపోయినావేమి?” అని విచారింతురు. కరవులును, క్షయవ్యాధియు పీడించిన కాలమున ఆ విచారమునకు తగిన కారణము కలదు. కాలము మారినను మాట మారలేదు.

చీరకును, పంచెకును కొలత లేదు. కావున నడుము పెరిగినను తెలియదు. ప్యాంటును బొజ్జకు దిగువన కట్టుకొందురు కనుక దాని కొలతయు నమ్మదగినది కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 36.3 మంది అధిక బరువు గలవారు, 14.8 మంది ఉండవలసిన దానికన్న తక్కువ బరువు గలవారు. అనగా తగిన బరువు గలవారు సగము మంది మాత్రమే. పురుషులలో అధిక బరువు గలవారు నూటికి 31.1 మంది.

శ్రమ మారినది, తిండి మారలేదు

విశాఖ రేవు 1933లో ప్రారంభమైనది. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగినది. 1992లో అది జాతికి అంకితమైనది. నెత్తిపై తట్టలతో మోసిన బరువులను నేడు క్రేనులును, కన్వేయర్ బెల్టులును మోయుచున్నవి. ఆనందపురము, పద్మనాభము, భీమునిపట్నము మండలముల గ్రామములందును నాగలికి బదులు ట్రాక్టరు, కాలినడకకు బదులు మోటారు సైకిలు వచ్చినవి. ఒడలు వంచి చేయు పని తగ్గినది. కంచములోని అన్నము మాత్రము తగ్గలేదు. మిగిలిన శక్తి క్రొవ్వుగా మారి నడుము చుట్టును చేరును.

సరియైన కొలత ఏది?

బరువును కిలోలలో, ఎత్తును మీటర్లలో తీసికొని, బరువును ఎత్తుచేత రెండు మారులు భాగింపవలెను. వచ్చిన అంకెను వైద్యులు బి.ఎం.ఐ. అందురు. అది 18.5కు తగ్గినచో బరువు చాలదు. భారతీయులకు 23 మొదలు అధిక బరువుగాను, 25 మొదలు స్థూలకాయముగాను మన వైద్యులు ఎంచుచున్నారు. 160 సెంటీమీటర్ల ఎత్తు గల వానికి సుమారు 47½ కిలోల నుండి 59 కిలోల లోపు తగిన బరువు. అతడు 64 కిలోలు తూగినచో బి.ఎం.ఐ. 25 అగును.

ఈ అంకె ఒక్కటియే చాలదు. పూనాకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండనుకు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ తమ శరీరములనే పోల్చి 2004లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఇరువురి బి.ఎం.ఐ. 22.3 మాత్రమే. కాని యుడ్కిన్ శరీరమున క్రొవ్వు నూటికి 9.1 వంతులు కాగా, యాజ్ఞిక్ శరీరమున 21.2 వంతులు కలదు. సన్నగా కనిపించు మనవారికి సహితము మధుమేహము వచ్చుట ఇందుచేత వింత కాదు. కావున నడుమును కూడ కొలువవలెను. పురుషులకు 90 సెంటీమీటర్లు, అనగా సుమారు 35½ అంగుళములు. స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అనగా సుమారు 31½ అంగుళములు దాటరాదు.

తప్పు అంచనా వలన నష్టము

రక్తపోటుకు గాని, మధుమేహమునకు గాని మొదట నొప్పి యుండదు. తాను బాగుగనే ఉన్నానని తలచువాడు పరీక్షకు పోడు. పక్షవాతము వచ్చిన నాడు ఆ ఇంటి సంపాదన ఆగిపోవును. వైద్యమునకు అప్పు మొదలగును.

దీనికి విరుద్ధమైన పొరపాటును కలదు. సన్నగానున్న బాలిక తాను లావుగా ఉన్నానని భావించి ఉదయపు భోజనము మానును. బిడ్డ పెద్దదైనచో కాన్పు కష్టమగునని గర్భిణికి తిండి తగ్గించు ఇండ్లును కలవు. గర్భిణి 10 నుండి 12 కిలోల బరువు పెరుగుట అవసరము. మన రాష్ట్రమున స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉన్నదని పై సర్వే తెల్పుచున్నది.

అట్లని లావుగా నున్నవారిని ఎగతాళి చేయుట మందు కాదు. 2015లో ప్రకటింపబడిన అమెరికా, బ్రిటన్ పరిశోధనలో, తాము లావని తలచినవారు తరువాతి ఏండ్లలో మరింత బరువు పెరిగినట్లు తేలినది. సిగ్గుపడినవాడు నడకకు రాడు, వైద్యుని యొద్దకును పోడు. అతనికి కావలసినది సరియైన అంకెయు, ఆదరణయు.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

1. అంగన్‌వాడీ కేంద్రమందును, ఆరోగ్య కేంద్రమందును తూనిక యంత్రము, ఎత్తు కొలబద్ద, టేపు సరిగా ఉన్నవో లేవో విచారింపవలెను.

2. 30 ఏండ్లు నిండినవారికి ఆశా కార్యకర్త నింపు పత్రములో వయస్సు, పొగాకు, మద్యము, వ్యాయామములతోపాటు నడుము కొలతయు ఉన్నది. మార్కులు 4కు మించినవారు ముందుగా పరీక్ష చేయించుకొనవలెను. అంతకు తక్కువైనను రక్తపోటు, చక్కెర పరీక్షలు మానరాదు. సభ్యులు ముందు తమ నడుము కొలిపించుకొనినచో తక్కినవారు వెనుకాడరు.

3. సాయంకాలము స్త్రీలును నిర్భయముగా నడచుటకు వీలుగా ఒక బాటను శుభ్రపరచి, దీపములు పెట్టింపవలెను. వారమునకు 150 నిమిషముల చురుకైన నడక పెద్దలకు కనీస అవసరము.

4. ఒకరి బరువును నలుగురి యెదుట బిగ్గరగా చదువరాదు. కొలిచిన అంకెను వారికే తెలుపవలెను.

వీనిలో దీపములు దక్క తక్కినవానికి పెద్ద వ్యయము లేదు. రాబోవు గ్రామసభ దినమున ఒక తూనిక యంత్రమును, ఒక టేపును ప్రక్క గదిలో నుంచినచో పని మొదలైనట్లే.