కుక్కపిల్ల ఎంత పెరుగుతుంది?

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో కొబ్బరితోటకు కాపలాగా ఊరకుక్కపిల్లను తెచ్చి పెంచేవారు గలరు. పాదాలు పెద్దవైతే కుక్క పెద్దదవుతుందని అంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని పాదాలను చూచి బరువు చెప్పలేము. అందుకు వయస్సు, ప్రస్తుతపు బరువు తెలియాలి.

వీధిపిల్ల వయస్సును పళ్ళు చెబుతాయి. పాలపళ్ళు సుమారు 3 వారాలకు మొదలై, 2 నెలలకు పూర్తి అవుతాయి. 3, 4 నెలల మధ్య ముందరిపళ్ళు ఊడి శాశ్వతదంతాలు రాసాగుతాయి. 7 నెలలకు అన్నీ మారిపోతాయి. బరువు తెలియాలంటే పిల్లను ఎత్తుకొని ఒకసారి, ఒంటరిగా ఒకసారి కాటాపై నిలిచి, తేడా తీస్తే చాలును.

16 వారాల పిల్ల 7 కిలోలు తూగిందనుకొందాం. త్రైరాశికం వేస్తే 52 వారాలకు దాదాపు 23 కిలోలు రావాలి. ఈ లెక్క పొరపాటు. పెరుగుదల మొదట వేగంగా సాగి, క్రమంగా మందగిస్తుంది. మధ్యరకం కుక్క 4 నెలలు దాటేసరికి పూర్తి బరువులో సుమారు సగానికి చేరుతుంది. కావున ఈ పిల్ల 15 కిలోలకు కొంచెం అటూ ఇటూగా పెరగవచ్చును. చిన్నజాతులు ఇంకా ముందే, పెద్దజాతులు 5 నెలల ప్రాంతంలో సగానికి వస్తాయి. ఎముకల చివరలనున్న మృదులాస్థి పొరలు గట్టిపడగానే ఎత్తు పెరగడం ఆగిపోతుంది.

పరిమాణాన్ని నిర్ణయించే జన్యువులు అనేకం. వాటిలో ఐ.జి.ఎఫ్.-1 అనే జన్యువు ముఖ్యమైనదని 2007లో తేలింది. చిన్న పరిమాణాన్నిచ్చే దాని రూపం 50,000 ఏండ్లకు పూర్వపు తోడేలులో కూడ ఉన్నట్లు 2022లో వెల్లడైంది. అందుచేత తల్లిని చూడడం మంచి ఆధారమే. తండ్రి తెలియనప్పుడు అది సగం ఆధారం మాత్రమే.

జన్యువులు ఎంతటివైనా తిండి చాలకపోయినా, కడుపులో పురుగులున్నా పిల్ల ఎదగదు. వారంవారం బరువును గ్రాఫు కాగితంపై గుర్తిస్తే గీత ముందు నిటారుగా లేచి, పిదప వంగుతుంది. 3, 4 నెలలకే అది చదునైతే పశువైద్యునికి చూపాలి. పురుగుల మందు మోతాదు బరువునుబట్టి ఉంటుంది, ఊహించి పోయరాదు.

3 నెలలు నిండగానే రేబీస్ టీకా వేయించాలి. తూచేటప్పుడు కరచినా, గీరినా వెంటనే సబ్బునీటితో 15 నిమిషాలు కడిగి, ఆనాడే ఆసుపత్రికి వెళ్ళాలి. కరచింది చిన్నపిల్లే గదా అని ఊరుకోరాదు. రేబీస్ లక్షణాలు కనిపించిన తరువాత ప్రాణం దక్కడం అత్యంత అరుదు.