ఆ మైకు మనకూ ఇవ్వాల్సిందే!

పొద్దున్నే పేపరు రాగానే మీరు ముందు ఏం చూస్తారు? బంగారం ధరా, రాశిఫలాలా? నేనైతే రెండూ చూస్తాను, దాచుకోవడమెందుకు! లోపలి పేజీల్లో టెండరు ప్రకటనల పక్కన అప్పుడప్పుడూ మరో ప్రకటన వస్తుంటుంది. చీమ తలకాయంత అక్షరాల్లో 'పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ' అని ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని తిప్పేసిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఒకరోజు అందులో మా పెద్దమ్మ వాళ్ల ఊరి పేరు కనిపించింది. ఊరి పక్కనున్న గుట్టమీద క్వారీకి అనుమతి అడుగుతున్నారట. ఫోన్ చేస్తే, "అట్లాంటిదేమీ మాకు తెలీదే పాపా" అంది పెద్దమ్మ.

సరే, చూద్దామని నేనూ వెళ్లాను. షామియానా వేశారు. ముందు వరసల్లో ప్లాస్టిక్ కుర్చీలు, వాటిలో తెల్లచొక్కాల వాళ్లు. ఆడవాళ్లు మాత్రం దూరంగా చింతచెట్టు కింద నిలబడ్డారు. అప్పటికి పదకొండు దాటింది. పాల సెంటరుకు పాలు పోసి, ఇంటిపని సగంలో వదిలేసి వచ్చినవాళ్లే అందరూ. "మాట్లాడండి పెద్దమ్మా" అంటే, "పొలం పట్టా మీ పెదనాయన పేరు మీద కదా ఉండేది, నేను మాట్లాడితే ఒప్పుకుంటారా?" అని వెనక్కి జంకింది.

ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు. మన ఇళ్లలో భూమి ఎక్కువగా మగవాళ్ల పేరు మీదే ఉంటుంది. పాస్‌బుక్కు, బ్యాంకు లోను, నష్టపరిహారం... ఎక్కడికెళ్లినా ముందు అడిగేది పట్టా ఎవరిదని. కానీ ఈ సభలో ఆ మాట ఎవరూ అడగకూడదు. అక్కడికి వచ్చిన ప్రతివారికీ వివరాలు అడిగే అవకాశం, తమ మాట చెప్పే అవకాశం ఇవ్వాలని నిబంధనల్లోనే ఉంది. పట్టా లేకపోయినా, సంతకం రాకపోయినా సరే.

మనదేశంలో పెద్ద ప్రాజెక్టులకు ముందుగా పర్యావరణ అనుమతి ఉండాలనే నోటిఫికేషన్ 1994 జనవరిలో వచ్చింది. అప్పట్లో జనాన్ని అడగడం తప్పనిసరి కాదు. 1997లో దాన్ని తప్పనిసరి చేశారు. ఇప్పుడు నడుస్తున్నది 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్. దాని ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందే ఒక జాతీయ పత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటన ఇవ్వాలి. ప్రాజెక్టు వల్ల గాలికి, నీటికి, భూమికి ఏమవుతుందో చెప్పే నివేదికను కలెక్టరాఫీసు, జిల్లా పరిషత్తు, జిల్లా పరిశ్రమల కేంద్రం వంటి చోట్ల జనం చూసుకునేలా ఉంచాలి. అసలు నివేదిక వందల పేజీల ఇంగ్లీషు. దాని సారాంశం మాత్రం తెలుగులో ఉండి తీరాలి. వెళ్లి అడిగితే చూపించాల్సిందే. సభకు కలెక్టరు గానీ, ఆయన తరఫున తగిన హోదా ఉన్న అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. నడిపేది కాలుష్య నియంత్రణ మండలి. మొత్తం వీడియో తీస్తారు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇంతమంది హాజరైతేనే సభ చెల్లుతుందన్న కోరం ఏమీ లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే లెక్క. 'వాళ్లే చూసుకుంటార్లే' అని మనం ఇంట్లో కూర్చుంటే, అభ్యంతరాలు ఏమీ రాలేదని కాగితం మీదకు ఎక్కడం ఖాయం. రాలేనివాళ్లు రాసి కాలుష్య మండలికి పంపినా తీసుకోవాలి.

ఆరోజు చివరికి మా పెద్దమ్మ మైకు పట్టుకుంది. చెయ్యి వణుకుతోంది. "బాంబులు పెట్టి రాయి పగలగొడతారంట గదా సార్, మా బోరు పూడిపోతే ఎవుర్ని అడగల్ల?" అంది. "నోట్ చేసుకున్నామమ్మా" అన్నారు వేదిక మీద. "నోట్ చేసుకునేదేనా, జవాబు లేదా?" అని పక్కామె గట్టిగా అడిగింది. నాకూ అదే అనిపించింది. కానీ ఆ నోటు చేసుకోవడంలోనే కీలకమంతా ఉంది. సభ ముగిసే ముందు ఎవరేం అడిగారో తెలుగులో చదివి వినిపించాలి. మన మాట అందులో లేకపోతే అక్కడే లేచి అడగాలి. సాధారణంగా జరిగేదేమిటి? భోజనం పొట్లాలు రాగానే జనం లేచిపోతారు, చదివేది ఖాళీ కుర్చీలకు! ఆ రికార్డు ఎనిమిది రోజుల్లో అనుమతి ఇచ్చే సంస్థకు వెళ్లాలి. కంపెనీ వాళ్లు ఆ ప్రశ్నలన్నిటికీ జవాబు రాసి నివేదిక సరిచేసుకోవాలి.

జనం వద్దంటే ప్రాజెక్టు ఆగిపోతుందా అంటే, ఆగదు. ఇది ఓటింగు కాదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూముల మీద థర్మల్ కేంద్రం వద్దని 2009 ఆగస్టు సభలో జనం తేల్చి చెప్పారు. అయినా అనుమతి వచ్చింది. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ అనుమతిని అప్పటి జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ రద్దు చేసింది కూడా అదే రోజున.

సభ జరిగి మన మాట వినకపోవడం ఒక బాధ. అసలు సభే పెట్టకపోతే? దానికి దూరం పోనక్కర్లేదు, మన పాత చిత్తూరు జిల్లాలోనే ఉంది ఉదాహరణ. పుంగనూరు వైపు సోమల మండలంలో ఆవులపల్లి. టమోటా, మామిడి, పాడి ఆవులు, వీటి మీద బతికే పల్లెలు. గాలేరు-నగరి, హంద్రీ-నీవా పథకాలను కలిపే పనుల్లో భాగంగా ముదివేడు, నేతిగుంటపల్లి, ఆవులపల్లి దగ్గర రిజర్వాయర్లు తలపెట్టారు. నీళ్లు ఎవరికి చేదు? రాయలసీమలో పుట్టిన మనకు ఆ మాట ఒకరు చెప్పాలా! కానీ మునిగే పొలం ఎవరిదో, ఆ పొలం మీద మేత కోసుకునే ఆడమనిషి రేపు ఎక్కడికి పోవాలో అడిగే చోటు ఒకటుండాలి కదా.

సాగునీటి ప్రాజెక్టు ఆయకట్టు పెద్దదైతే అధ్యయన నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ రెండూ తప్పవు. ఒక స్థాయికి లోపు ఉంటే ఆ రెండూ అక్కర్లేదు. అంటే జనాన్ని అడగాలా వద్దా అన్నది కాగితం మీద వేసే ఒక లెక్కతో ముందే తేలిపోతుంది. ఆవులపల్లికి రాష్ట్రస్థాయి సంస్థ అనుమతి ఇచ్చేసింది. రైతులు ఊరుకోలేదు. చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనానికి వెళ్లారు. అసలు సంగతి దాచి, పెద్ద పథకంలోని ముక్కను విడిగా చూపించి అనుమతి తెచ్చుకున్నారని ట్రిబ్యునల్ తప్పుపట్టింది. 2023 మే నెలలో ఆ అనుమతిని కొట్టేసి, రాష్ట్ర జలవనరుల శాఖకు 100 కోట్ల రూపాయల జరిమానా వేసింది. దాని మీద ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. వంద కోట్ల సంగతి ఎలా ఉన్నా, పల్లెటూరి రైతులు అడిగిన ప్రశ్నకు రాష్ట్ర ప్రభుత్వం కోర్టులో జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది, అదీ విశేషం.

'మేం తిరుపతిలో ఉంటాం, మాకెందుకివన్నీ' అనుకోకండి. పైన శేషాచలం 1989 నుంచి శ్రీవేంకటేశ్వర జాతీయవనం, 2010 నుంచి జీవావరణ రక్షిత ప్రాంతం కూడా. కొండమీద ఒక చెట్టు కొట్టారంటే రాష్ట్రమంతా గగ్గోలు పెడుతుంది, పెట్టాల్సిందే. కానీ కొండ కింద లేచే పెద్ద పెద్ద కట్టడాల మాటేమిటి? 20,000 చదరపు మీటర్లు దాటిన భవనాలకు పర్యావరణ అనుమతి కావాలి గానీ, వాటికి ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. మన కుళాయికి వచ్చేది కల్యాణి డ్యామ్ నీళ్లు, తెలుగుగంగ నీళ్లు. వాటిని పంచుకోవడానికి కొత్తగా ఎవరొస్తున్నారో మనల్ని అడిగే సభ ఉండదన్నమాట. ఇది నాకు బొత్తిగా నచ్చని విషయం.

2020లో ఈ నిబంధనల్నే మార్చాలని కేంద్రం ముసాయిదా తెచ్చింది. 30 రోజుల గడువును 20 రోజులకు కుదించాలని అందులో ఉంది. పైగా ఆ ముసాయిదా ఇంగ్లీషు, హిందీల్లోనే వచ్చింది. మిగతా భాషల్లోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది! దేశం నలుమూలల నుంచి లక్షల్లో ఉత్తరాలు, ఈమెయిళ్లు వెళ్లాయి. పరీక్షలకు చదువుకునే అమ్మాయిలు కూడా రాశారు.

అనుమతి వచ్చేశాక కూడా దారి మూసుకుపోదు. 30 రోజుల్లోగా హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు చేసుకోవచ్చు. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజుల వరకు ఒప్పుకుంటారు. అంతకు మించితే తీసుకోరు, కాబట్టి తేదీలు జాగ్రత్త. మనకు చెన్నై ఎంత దూరం, మూడు నాలుగు గంటల ప్రయాణం. విజయవాడ కంటే దగ్గరే.

మా పెద్దమ్మ ఊరికి మొన్న మళ్లీ వెళ్లాను. సభ రికార్డు పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారంటే చూద్దామని కోడలిని వెంటబెట్టుకుని బయల్దేరింది, నేనూ కలిశాను. కోడలు వేలు పెట్టి ఒక్కో వరసా చదివింది. పెద్దమ్మ పేరు తప్పుగా రాశారు. బోరు మాట మాత్రం ఉంది. "పేరు దిద్దమని అడుగుదామా అత్తా?" అంది కోడలు. "పేరు సంగతి తర్వాత. బోరుకు ఏం జవాబు రాసినారో అది చదువు ముందు" అంది పెద్దమ్మ.