పంతులుగారి జయంతి: దీపమెవరు వెలిగింపవలెను?

1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదిని రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు జన్మించిరి. ఆయన జయంతినాడు పటమునకు పూలమాల, ప్రార్థనగీతము, ఉపన్యాసములు, తుదకు ఫలహారము, ఇదియే సాధారణముగా మనము చూచు కార్యక్రమము. మహిళాసమాజముల సోదరీమణులు ఈ యుత్సవమును జరుపదలచినచో, ఆహ్వానపత్రిక అచ్చు వేయించుటకు ముందే యోచింపవలసిన విషయమొకటి కలదు.

సభలలో దీపము వెలిగించుటకు ముత్తైదువనే పిలుచుట, భర్తను గోల్పోయిన స్త్రీ వెనుకవరుసలో నొదిగి కూర్చుండుట నేటికిని పలుచోట్ల చూచుచున్నాము. ఆమెను పొమ్మను వారు లేరు. ముందునకు రమ్మను వారును లేరు. 1881 డిసెంబరు 11వ తేదిని తొలి వితంతు వివాహమును జరిపించిన మహనీయుని సభలోనే యిట్లు జరిగినచో, ఎన్ని పూలమాలలు వేసినను ఆయనకు గౌరవమగునా?

కావున దీపమును అట్టి సోదరిచేతనే వెలిగింపజేయుడు. ముందుగా ఆమె యింటికి పోయి అడుగుడు. “నాకెందుకమ్మా” యని ఆమెయే వెనుదీయవచ్చును. మరియొకమారు అడుగుడు, బలవంతము మాత్రము కూడదు. వేదికపై ఆమె పేరు పిలిచిన చాలును. ఆమె స్థితిని ప్రకటింపవలదు. కుంకుమ, పూలు, తాంబూలముగల పళ్లెమును అందరి ముందునకును తీసికొనిపోవలెను. గ్రహించుటయు మానుటయు వారి యిష్టము.

పంతులుగారి పటము ప్రక్కన రాజ్యలక్ష్మమ్మగారి పటము నుంచుడు. వివాహముల కారణమున వంటవారును నీరు మోయువారును రాక మానినపుడు, ఆమె గోదావరినుండి స్వయముగా నీరు తెచ్చి, పెండ్లివారికి వండి వడ్డించిరి. ఇంటిలో ఆమె యట్లు నిలువబడనిచో బయట ఆయన యుద్యమము నిలుచుట దుర్లభము.

ఉపన్యాసములు రెండు చాలును. 1874లో ధవళేశ్వరమున పంతులుగారు స్థాపించిన బాలికాపాఠశాలనుగూర్చి యొకటి, రాజ్యలక్ష్మమ్మగారినిగూర్చి యొకటి. నడుమ ఒక బాలికచేత ఆయన స్వీయచరిత్రమునుండి రెండు పుటలు చదివింపుడు. గంటన్నరలో సభ ముగియవలెను.

ఇక ఫలహారమును సభకు ముందే సిద్ధము చేసి, వండినవారిని ముందువరుసలో కూర్చుండబెట్టుడు. రాజ్యలక్ష్మమ్మగారిని స్తుతించుచుండగా ఆ మాటలు వంటయింటివారి చెవిని పడకుండుట తగదు గదా!