తీతువు కాని తీతువు కనబడితే చెప్పండి

అక్టోబరు వచ్చిందంటే గల్ఫ్‌లో ఎండ కాస్త తగ్గుతుంది, ఉత్తరాది నుంచి పిట్టలు దిగడం మొదలవుతుంది. వాటిలో ఒకదాని కోసం ఇక్కడి పక్షి ప్రియులు కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తుంటారు. దాని ఇంగ్లీషు పేరు సోషబుల్ ల్యాప్‌వింగ్. మన తీతువు పిట్టకు దగ్గర చుట్టం. కజకిస్థాన్ గడ్డి మైదానాల్లో గుడ్లు పెట్టి, చలికాలానికి కొన్ని సూడాన్ వైపు, కొన్ని పాకిస్థాన్, మన గుజరాత్ వైపు వెళ్తాయి. ఎమిరేట్స్, ఒమాన్‌లలో దిగేవి కొద్దే. అంతరించిపోయే ప్రమాదం మరీ ఎక్కువగా ఉన్న పక్షుల జాబితాలో దీన్ని 2004లో చేర్చారు.

ఈ పిట్ట మాల్స్ దగ్గర వాలదు. దానికి నీళ్లు పారిన పచ్చగడ్డి, దున్నిన చేను కావాలి. దుబాయ్‌లో శుద్ధి చేసిన మురుగునీటితో పెంచిన గుండ్రటి గడ్డి చేలలో, రస్ అల్ ఖైమాలోని హమ్రానియా పొలాల్లో, ఒమాన్‌లో సలాలా వైపు ఇది కనబడింది. ఇలాంటి చోట్ల పొద్దంతా ఉండేదెవరు? పైపులు మార్చేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, అంటే మనవాళ్లే. బైనాక్యులర్ వేసుకొచ్చేవాళ్లు సెలవు రోజున ఓ గంట ఉండి పోతారు.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మన తీతువు ఇక్కడా బోలెడు. దానికి కళ్ల ముందు ఎర్రటి తోలు, పసుపు కాళ్లు, నల్లటి గొంతు. దీనికి ఎరుపే ఉండదు. ఒళ్లు మట్టిరంగు, కాళ్లు నలుపు, నెత్తి ముదురు రంగు. కళ్లపైన తెల్లటి పట్టీలు వెనక్కి పోయి మెడ దగ్గర కలుస్తాయి, విభూతి పెట్టినట్టు.

హాజరు పుస్తకాలు రాసే మాకు ఒకటి తెలుసు. తేదీ లేని లెక్క లెక్క కాదు. ఏ రోజు, ఏ వేళ, ఏ చోట, ఎన్ని, ఏం చేస్తున్నాయి, ఇవి రాయండి. "ఎవరో చూశారట" అంటే ఎవరూ ఎక్కించుకోరు. 2007లో ఉపగ్రహ పరికరం కట్టిన ఒకే ఒక్క పిట్ట జాడ పట్టుకుని వెళ్తే, టర్కీలో 3,000కు పైగా ఉన్న గుంపు దొరికింది. అంతవరకు ప్రపంచంలో అన్ని మిగిలి ఉన్నాయని ఎవరూ అనుకోలేదు.

"కూలివాడు చెబితే నమ్ముతారా సార్?" అని మా క్యాంపులో ఒకతను అడిగాడు. ఫోన్‌లో ఈబర్డ్ యాప్ ఉచితం. అందులో అరుదైన పిట్ట పేరు ఎక్కిస్తే ఫొటో, వివరాలు అడుగుతారు. వీసాలో ఏ పని రాసి ఉందో అడగరు.

రెండు జాగ్రత్తలు. ప్లాంట్లు, పోర్టులు, ప్రభుత్వ స్థలాల దగ్గర అనుమతి లేనిదే ఫొటో తీయొద్దు, కేసవుతుంది. అక్కడ కాగితం మీద రాసుకుంటే చాలు. ఇక పిట్టను తరమొద్దు, పట్టొద్దు. ఎమిరేట్స్‌లో పక్షుల వేట మీద చట్టం 1983లోనే వచ్చింది.

దారిన పోయే పిట్ట మర్నాటికి ఉంటుందన్న నమ్మకం లేదు. కాబట్టి చూసిన రోజే చెప్పండి. యాప్ రానివారు చీటీ రాసి ఆఫీసు కిటికీ దగ్గర ఇచ్చినా మేమే ఎక్కిస్తాం, మీ పేరుతోనే.