వేలు ఆగిన చోట

పల్నాడు జిల్లా నరసరావుపేట మల్లమ్మ సెంటర్ చుట్టుపక్కల ఏదో ఒక జిరాక్స్ షాపు ముందు అరగంట నిలబడి చూడండి. చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లే వచ్చి, ఆ ఫోన్ తీసి షాపు కుర్రాడి చేతిలో పెడుతుంటారు. "అబ్బాయ్, ఓటీపీ ఏదో వచ్చిందంట, చూడు." "ఫొటో ఎక్కట్లేదయ్యా, సైజు ఎక్కువంట." ఫోనుంది, నెట్ ఉంది, తెలుగు చదవడమూ వచ్చు. అయినా ఇరవయ్యో ముప్పయ్యో ఇచ్చి పరాయి వేలితో నొక్కించుకుంటున్నారు. ఏ పేజీలో జనం వేలు ఆగిపోతుందో, ఏ మాట దగ్గర కళ్లు తేలేస్తారో ఆ కుర్రాడికి కొట్టిన పిండి. ఇదే సంగతి కనిపెట్టి చెప్పేవాళ్లను పెద్ద కంపెనీలు యూఎక్స్ రీసెర్చర్లు అని పిలిచి, మంచి జీతమే ఇస్తాయి. షాపు కుర్రాడికి ఆ మాట ఎవరూ చెప్పలేదు.

పేట చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవలేదు. జేఎన్‌టీయూ కాకినాడ వారి కాలేజీ కూడా ఇక్కడే ఉంది. కోడింగ్ అంటే గుండె జారే పిల్లలు చివరి ఏడాదిలో హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ బోర్డుల వైపు చూస్తారు. యూఐ-యూఎక్స్, కొద్ది నెలల్లో కోర్సు, కోడింగ్‌తో పని లేదు అని ఆ బోర్డు ఊరిస్తుంది. ఇంట్లో ఒప్పించడం మరో తంతు. "డిజైనింగంటే ఏంది, ఫ్లెక్సీలేసేదా?" అంటాడు నాన్న. నవ్వుకుంటాం గానీ, ఆ ప్రశ్నలో న్యాయముంది. కేవలం యూఎక్స్ మీదే ఆధారపడితే కూడు పెడుతుందా అన్నది హైదరాబాద్‌లోనూ, అమెరికాలోనూ ఇప్పుడు గట్టిగానే నడుస్తున్న చర్చ.

బటన్ రంగు, అక్షరం సైజు, బొమ్మల పొందిక యూఐ (యూజర్ ఇంటర్‌ఫేస్). అసలా బటన్ ఎందుకు, ఎవరు నొక్కుతారు, నొక్కాక ఏమవుతుందని భయపడతారు అన్నది యూఎక్స్. 1993లో యాపిల్‌లో చేరిన డిజైన్ నిపుణుడు డాన్ నార్మన్ తన హోదాలో యూజర్ ఎక్స్‌పీరియన్స్ (యూఎక్స్) అన్న మాట పెట్టుకున్నాక అది లోకమెక్కింది. మాట కొత్తదే, చూపు పాతది. 1958లో అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వానికిచ్చిన ఇండియా రిపోర్టులో తెగ మెచ్చుకున్న వస్తువు మన చెంబు. ఎంత నీళ్లు పట్టాలి, నెత్తిన పెట్టుకుంటే ఎలా ఉండాలి, చంకనెత్తుకుంటే ఎలా ఒదగాలి, వంపితే ధార ఎలా పడాలి అని తరాల తరబడి చేతులు అడిగిన ప్రశ్నలకు జవాబుగా అది తయారైందన్నారు వాళ్లు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది. దాని చెల్లెలు లాంటి ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ 2015 నుంచి మన పక్కనే నడుస్తోంది. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) తప్ప మరో పరీక్ష పేరు వినని ఇళ్లలో డిజైన్ ప్రవేశ పరీక్షలైన యూసీడ్, ఎన్‌ఐడీ డీఏటీ అంటే మందుల పేర్లనుకుంటారు.

ఇక కొలువుల సంగతి. పదేళ్ల కింద పెద్ద కంపెనీల్లో ఈ పని నాలుగు ముక్కలుగా ఉండేది. పరిశోధించేవారొకరు, యాప్ నడక గీసేవారొకరు, రంగులద్దేవారొకరు, మాటలు రాసేవారొకరు. 2022 చివర్లో మొదలైన ఉద్వాసనల తర్వాత ఆ ముక్కలు మళ్లీ ఒకటవుతున్నాయి. ప్రకటనల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ప్రొడక్ట్ డిజైనర్. అంటే నాలుగూ ఒక్కరే చేయాలి. భాషలు నేర్పే డ్యుయోలింగో 2024లో యూఎక్స్ అన్న పేరునే పక్కనపెట్టి, ప్రొడక్ట్ ఎక్స్‌పీరియన్స్ అని మార్చుకుంది. ఇటు చూస్తే, నాలుగు మాటలు టైపు చేస్తే తెర గీసిచ్చే ఏఐ పనిముట్లు వచ్చేశాయి. 2025 జనవరిలో ప్రపంచ ఆర్థిక వేదిక ఇచ్చిన ఉద్యోగాల నివేదిక మాత్రం 2030 దాకా వేగంగా పెరిగే కొలువుల్లో యూఐ-యూఎక్స్ డిజైనర్లను చేర్చింది. అదే నివేదిక గ్రాఫిక్ డిజైనర్లను తగ్గేవాళ్ల జాబితాలో వేసింది. కోర్సులు అమ్మేవాళ్లకు మొదటి ముక్క ముద్దు. అందులోనూ యూఐ, యూఎక్స్ జంటగా ఉన్నాయని గమనించరు.

నా మటుకు నాకు తోచింది చెప్తాను. కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చి, నేను యూఎక్స్ ఒక్కటే చేస్తాను, తెర గీయను, ఏ రంగం గురించీ నాకు తెలీదు అంటే ఉద్యోగం దొరకడం కష్టం. పరిశోధన మాత్రమే చేసే కుర్చీలు తక్కువ, వాటిలో అనుభవజ్ఞులు కూర్చుని ఉన్నారు. కానీ పని తగ్గిందా అంటే, ఒప్పుకోను.

2025 జనవరి 30న మన రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మన మిత్ర చూడండి. మొదటి విడతలో 161 సేవలు, అన్నీ వాట్సాప్‌లోనే. కొత్త యాప్ లేదు. బటన్లకు రంగులద్దడం తప్ప ఇంకేమీ రాని డిజైనర్‌కు అక్కడ పనే లేదు. కానీ వందకు పైగా సేవల్లో ఏది ముందుండాలి, ఏ మాటతో పిలవాలి, మధ్యలో సిగ్నల్ పోతే మళ్లీ ఎక్కణ్నుంచి మొదలవ్వాలి అన్న ప్రశ్నలకు లెక్కలేదు. పొలం రికార్డులైన వన్-బి, అడంగల్ అంటే గురజాల రైతుకు తెలుసు. ప్రమాణీకరణ అంటే తెలీదు.

మన లిపి, మన మాట దగ్గరికొస్తే ఇంకో కథ. ఇంగ్లిష్ కొలతలకు గీసిన బటన్‌లో రాష్ట్రం అని రాసి చూడండి, కింది వత్తులు తెగిపోతాయి. ఆర్డరు రద్దు చేయాలా అని అడిగి, కింద సరే, రద్దు అని రెండు బటన్లిస్తే దేన్ని నొక్కాలి? 2018 ఫిబ్రవరిలో జ్ఞా అన్న ఒక్క అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. యాపిల్ హడావుడిగా మరమ్మతు పంపాల్సొచ్చింది. అది డిజైనర్ తప్పు కాదు, నిజమే. కానీ జ్ఞానం, విజ్ఞానం రాసే మనిషెవరైనా ముందే ఆ ఫోన్ పట్టుకుని ఉంటే దొరికేది కదా.

మాచర్ల వైపు మిర్చి రైతు టిక్కీల్లో, అంటే బస్తాల్లో లెక్క చెప్తాడు. తేజ ఎంత, తాలు ఎంత అని వేరు చేస్తాడు. కిలోలు మాత్రమే అడిగే యాప్ అతనికి పరాయిది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లాంటి చోట్ల అరిగిన వేళ్లకు వేలిముద్ర సరిగా పడదు. పడకపోతే తర్వాతి దారేమిటో తెర చెప్పాలి. ఈ సంగతులు బెంగళూరు ఆఫీసులో కూర్చున్నవాళ్లకు రావు. పల్నాడు పిల్లలకు పుట్టుకతోనే వచ్చాయి. ఒక రంగం తెలిసిన యూఎక్స్ మనిషికీ, ఏమీ తెలియని యూఎక్స్ మనిషికీ తేడా అక్కడే.

చట్టం కూడా తలుపు తీస్తోంది. కళ్లార్పి చూపించమనే కేవైసీ యాసిడ్ దాడి బాధితులకూ, చూపు లేనివారికీ గోడై నిలిచిందన్న కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని చెప్పి, 20 ఆదేశాలిచ్చింది. వెబ్‌సైట్లు, యాప్‌లు అందరికీ అందుతున్నాయో లేదో నిపుణులతో తనిఖీ చేయించడం వాటిలో ఒకటి. కొనేవాణ్ని బురిడీ కొట్టించే తెరల మీద 2023 నవంబరులోనే కేంద్రం మార్గదర్శకాలు తెచ్చి, 13 రకాల మాయలను పేరుపేరునా చెప్పింది. వాటిని పట్టుకోవడానికీ మనుషులు కావాలి.

ఉద్యోగానికి చూపించే పోర్ట్‌ఫోలియో అంటే ఇప్పటికీ చాలామంది పేరున్న తిండి యాప్‌కు కొత్త రంగులేసి పెడతారు. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ చేసేవాళ్లకు అవి చూసి చూసి మొహం మొత్తి ఉంటుంది. అంతకంటే నిజమైన మనుషులతో పరీక్షించిన పని పెట్టడం మేలు. అయిదుగురితో పరీక్షిస్తే లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. అయిదుగురు దొరకడానికి పేటలో ఎక్కడికో పోనక్కర్లేదు. జిరాక్స్ షాపు బెంచీ చాలు.

ఆ షాపుల్లో కొన్నింటి కౌంటరు అద్దానికి చేత్తో రాసిన కాగితం అంటించి ఉంటుంది. "ఆధార్‌కు లింకైన ఫోన్ తెచ్చుకోండి." చాలా పోర్టళ్లు ఆ మాట నాలుగో పేజీ దాకా పోతే గానీ చెప్పవు.